రాజు పెట్టని సంతకం

(గ్రంథాలయ సమావేశ మందిరంలో జరిగిన ఉపన్యాసానికి లిఖిత రూపం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి ఇస్తున్నాం.)

అధ్యక్షులవారికీ, సభలో ఉన్న పెద్దలకూ, విద్యార్థి మిత్రులకూ నమస్కారం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఐరోపాలో ఫాసిస్టు నియంతృత్వాలు ఎలా తలెత్తాయో చెప్పమని నన్ను అడిగారు. గంటసేపట్లో పోర్చుగల్ నుంచి రుమేనియా దాకా చుట్టి రావడం నావల్ల అయ్యే పని కాదు. అందుచేత అన్నిటికంటే ముందు జరిగిన ఇటలీ కథనే తీసుకుంటాను. అందులోనూ 1919 నుంచి 1926 వరకు, ఆ ఏడేళ్లే. చివర్లో వ్యవధి ఉంటే జర్మనీ సంగతి కొంచెం చెప్పుకుందాం.

ముందుగా రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. 1919 నవంబరులో ఇటలీలో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. ముస్సోలినీ మిలాన్ నగరంలో పోటీ చేశాడు. అతని పత్రిక వెలువడేది అక్కడే, అతని ఉద్యమం పుట్టింది అక్కడే. అంత సొంత ఊళ్లో పోలైన రెండు లక్షల డెబ్భై వేల ఓట్లలో అతని జాబితాకు అయిదు వేలు కూడా రాలేదు. ఒక్క సీటూ రాలేదు. సోషలిస్టులు అతని పేర ఉత్తుత్తి శవయాత్ర తీసి ఊరేగించారు. ఇది మొదటి తేదీ. రెండోది 1922 అక్టోబరు 30. ఆనాడు ఇదే మనిషి 39 ఏళ్ల వయసులో ఇటలీ ప్రధానమంత్రి అయ్యాడు. మధ్యలో మూడేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత మరో నాలుగేళ్లకు దేశంలో అతని పార్టీ తప్ప మరో పార్టీ లేకుండా పోయింది. ఇదెలా జరిగింది? ఈ సాయంత్రం మన ప్రశ్న ఇదొక్కటే.

దీనికి ఫాసిస్టులు చెప్పుకున్న జవాబు ఒకటుంది. నల్ల చొక్కాలు తొడుక్కున్న వేలాదిమంది వీరులు నాలుగు దిక్కుల నుంచి రోమ్ మీదికి దండెత్తి వచ్చారట, కుళ్లిపోయిన పాత ప్రభుత్వం వాళ్ల ధాటికి కూలిపోయిందట. ఇరవై ఏళ్లపాటు బడి పిల్లలకు ఇదే నేర్పారు, తపాలా బిళ్లల మీద ఇదే అచ్చువేశారు. విచిత్రం ఏమిటంటే, ఫాసిజాన్ని ద్వేషించేవాళ్లలో కూడా చాలామంది ఈ కథనే నమ్ముతారు. దౌర్జన్యంగా వచ్చి లాక్కున్నాడంటే మన మనసుకు కొంత ఊరట. లాక్కున్నవాడు ఒక్కడే దోషి అవుతాడు గదా! కాబట్టి ఆ రాత్రి అసలేం జరిగిందో కొంచెం దగ్గరగా చూద్దాం.

1922 అక్టోబరు 27 సాయంత్రం. ఫాసిస్టు దళాలు రైల్వే స్టేషన్లనూ, తంతి కార్యాలయాలనూ ఆక్రమించడం మొదలుపెట్టాయి. రోమ్‌కు చుట్టుపక్కల చివితావెక్కియా, మొంతెరొతొందో, తీవొలి వంటి చోట్ల కొన్ని వేలమంది పోగయ్యారు. వాన కురుస్తోంది. తిండి సరిగా లేదు. కొందరి దగ్గర తుపాకులున్నాయి, కొందరి దగ్గర వేట తుపాకులు, మరికొందరి దగ్గర ఉత్త కర్రలు. వాళ్లను రోమ్‌లోకి తీసుకొచ్చే రైలు పట్టాలను సైన్యం ముందుగానే తొలగించింది. నగరంలో జనరల్ పుల్యేజె చేతికింద సుమారు 28 వేలమంది సైనికులు ఫిరంగులతో, మర తుపాకులతో సిద్ధంగా ఉన్నారు. మరి దండయాత్ర నాయకుడెక్కడున్నాడు? మిలాన్‌లో ఉన్నాడు, రోమ్‌కు దాదాపు ఆరువందల కిలోమీటర్ల దూరంలో. వ్యవహారం తేడా వస్తే సరిహద్దు దాటి స్విట్జర్లాండు వెళ్లడానికి అక్కడి నుంచి ఎంతోసేపు పట్టదు.

28వ తేదీ తెల్లవారుజామున ప్రధాని లుయీజీ ఫక్తా మంత్రివర్గాన్ని సమావేశపరిచాడు. ఫక్తా గట్టి మనిషేమీ కాదు, అప్పటికే రాజీనామా ఇచ్చి ఆపద్ధర్మ ప్రభుత్వం నడుపుతున్నాడు. అయినా ఆ తెల్లవారుజామున మంత్రివర్గం సరైన నిర్ణయమే చేసింది: దేశమంతటా సైనిక శాసనం విధించాలి, మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి అమలు. జిల్లాలన్నిటికీ తంతులు వెళ్లిపోయాయి. రోమ్ గోడల మీద ప్రకటనలు అంటించేశారు. ఇక మిగిలింది రాజుగారి సంతకం ఒక్కటే. పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలో ఫక్తా ఆ కాగితం పట్టుకుని రాజభవనానికి వెళ్లాడు. మూడవ విక్టర్ ఇమాన్యుయేల్ సంతకం పెట్టనన్నాడు. అంతే. మధ్యాహ్నానికి ప్రకటన రద్దయింది.

ఎందుకు పెట్టలేదు? చరిత్రకారులు నూరేళ్లుగా దీని మీద వాదించుకుంటున్నారు. అంతర్యుద్ధం వస్తుందని భయపడ్డాడని కొందరంటారు. సైన్యం తన మాట వింటుందో లేదోనని సందేహించాడని కొందరంటారు. సేనానులను అడిగితే, 'సైన్యం తన విధి తాను నిర్వర్తిస్తుంది, కాని పరీక్ష పెట్టకపోవడమే మంచిది' అన్నారని ఒక కథనం ప్రచారంలో ఉంది. రాజుగారి పినతండ్రి కొడుకు ఆవుస్తా డ్యూకుకు ఫాసిస్టులంటే అభిమానం, తనను దించి అతన్ని ఎక్కిస్తారేమోనన్న బెదురు కూడా ఉండి ఉండవచ్చు. ఇవన్నీ కొంత కొంత నిజమే అయి ఉంటాయి. నా మట్టుకు నాకు వీటన్నిటికంటే పెద్ద కారణం ఒకటి కనిపిస్తుంది. ఆ పొద్దున రాజు చుట్టూ ఉన్న పెద్దమనుషుల్లో ముస్సోలినీని ఎలా ఆపాలా అని ఆలోచిస్తున్నవాళ్లు తక్కువ. అతన్ని ఏ మంత్రివర్గంలో, ఎన్ని సీట్లిచ్చి ఇముడ్చుకోవాలా అని ఆలోచిస్తున్నవాళ్లే ఎక్కువ. మాజీ ప్రధాని సలాంద్ర తన కింద ముస్సోలినీ మంత్రిగా ఉంటాడని ఆశపడ్డాడు. మరో మాజీ ప్రధాని జొలిత్తి వర్గం వారు జొలిత్తి కిందనే ఉంటాడని ఆశపడ్డారు. ముస్సోలినీకి ఇది తెలుసు. అందుకే మిలాన్‌లో కూర్చుని బేరం పెంచుతూ పోయాడు. ప్రధాని పదవి ఇస్తేనే వస్తానన్నాడు. ఇచ్చారు. 29 రాత్రి రైలెక్కాడు. మరునాడు పొద్దున్నే రోమ్‌లో దిగి ప్రధాని అయ్యాడు. దండయాత్ర వీరులు నగరంలో కవాతు చేసింది ఆ మర్నాడు, అంటే 31న, ప్రభుత్వం వాళ్లదైపోయిన తర్వాత.

ఇక్కడ వెనక్కి వెళ్లాలి. అయిదు వేల ఓట్లు రాని మనిషితో మాజీ ప్రధానులు బేరాలాడవలసిన పరిస్థితి ఎలా వచ్చింది?

యుద్ధం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇటలీ 1915 మేలో యుద్ధంలో దిగింది. సుమారు ఆరు లక్షలమంది సైనికులు చనిపోయారు. గెలిచిన పక్షంలో ఉన్నా, ఆశపడిన భూభాగమంతా దక్కలేదు. 'మన విజయాన్ని ముక్కలు చేశారు' అని కవి దనున్‌జియో గగ్గోలు పెట్టాడు, ఊరికే పెట్టకుండా 1919 సెప్టెంబరులో కొందరు సైనికులను వెంటేసుకుని ఫ్యూమే నగరాన్ని ఆక్రమించి కూర్చున్నాడు. ఏడాది పైచిలుకు ప్రభుత్వం అతన్ని కదిలించలేకపోయింది. ధరలు యుద్ధానికి ముందున్నదానికి మూడు నాలుగు రెట్లయ్యాయి. సైన్యం నుంచి తిరిగొచ్చిన చిన్న ఆఫీసర్లకు ఉద్యోగాలు లేవు, ఊళ్లో మర్యాద లేదు. 1919 మార్చి 23న మిలాన్‌లో ముస్సోలినీ పోగుచేసిన తొలి గుంపులో ఇటువంటివాళ్లే ఎక్కువ. అప్పటి వాళ్ల కార్యక్రమం చదివితే మీరు ఆశ్చర్యపోతారు. స్త్రీలకు ఓటు, ఎనిమిది గంటల పనిదినం, పెట్టుబడి మీద భారీ పన్ను, చర్చి ఆస్తుల స్వాధీనం! ముస్సోలినీ అంతకు అయిదేళ్ల ముందు దాకా సోషలిస్టు పార్టీ పత్రికకు సంపాదకుడు మరి. యుద్ధంలో చేరాలన్నందుకు 1914లో ఆ పార్టీ అతన్ని వెళ్లగొట్టింది. ఆ కార్యక్రమానికి ఓట్లు పడలేదు. ఆ కార్యక్రమమూ ఎక్కువ కాలం నిలవలేదు.

పో లోయ పల్లెల్లో

అసలు కథ నగరాల్లో లేదు, పో నది లోయలోని పల్లెల్లో ఉంది. మన సభలో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి ఈ భాగం మీకు సులువుగానే అర్థమవుతుంది. బొలోన్యా, ఫెరారా, రొవీగొ, క్రెమోనా జిల్లాలు. నల్లరేగడి కాకపోయినా అంతకు తీసిపోని సారవంతమైన నేలలు. పెద్ద పెద్ద కమతాలు. ఆ కమతాల మీద ఆధారపడి బతికే సెంటు భూమి లేని లక్షలాది కూలీలు. ఏడాదిలో సగం రోజులు పని ఉండదు. ఈ కూలీలు సోషలిస్టుల నాయకత్వంలో సంఘాలు పెట్టుకున్నారు. ఆ సంఘాలు యుద్ధం తర్వాత ఎంత బలపడ్డాయంటే, ఎన్ని ఎకరాలకు ఎంతమంది కూలీలను ఏడాది పొడుగునా పెట్టుకోవాలో అవే నిర్ణయించాయి. కూలీ కావాలంటే రైతు సంఘం ఆఫీసుకు వెళ్లి అడగాలి, తనకు నచ్చినవాణ్ణి పిలుచుకోవడానికి లేదు. 1920 ఎన్నికల్లో ఊరి మునిసిపాలిటీలు కూడా సోషలిస్టులకే దక్కాయి. అంటే నిన్నటిదాకా కామందు ముందు టోపీ తీసి నిలబడ్డ మనిషి ఇవాళ ఆ కామందు మీద పన్ను వేస్తున్నాడు.

ఇందులో న్యాయం ఉంది. ఆ న్యాయం అమలైన తీరులో కొంత మోటుతనమూ ఉంది, దాన్ని దాచకూడదు. పెద్ద కామందులకు వర్తించిన నిబంధనలే చిన్న కౌలుదారుకూ వర్తించాయి. కోతకు తన బావమరిదిని పిలుచుకున్న కౌలుదారుకు సంఘం జరిమానా వేసేది. కట్టకపోతే వెలి. అంగళ్లలో సరుకు ఇవ్వరు, మంగలి గడ్డం గీయడు. పైగా భూమంతా ఉమ్మడి చేస్తామని సంఘం చెబుతోంది, ఈ కౌలుదారేమో జీవితమంతా నాలుగెకరాలు సొంతం చేసుకోవాలని కలలు కంటున్నాడు. ఈ చిన్న రైతు కడుపుమంటను సోషలిస్టులు పట్టించుకోలేదు. ఫాసిస్టులు పట్టించుకున్నారు.

1920 సెప్టెంబరులో నగరాల్లో నాలుగైదు లక్షలమంది కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించుకున్నారు. ప్రధాని జొలిత్తి సైన్యాన్ని పంపలేదు. వాళ్లంతట వాళ్లే అలిసిపోతారన్నాడు, నిజంగానే నెల తిరగకుండా ఆక్రమణ ముగిసింది. కాని యజమానులు ఆ నెల రోజులను మర్చిపోలేదు. ప్రభుత్వం మనల్ని కాపాడదు, మన కాపలా మనమే పెట్టుకోవాలి అన్న మాట ఫ్యాక్టరీల నుంచి పల్లెలకు పాకింది. నవంబరు 21న బొలోన్యా నగరంలో కొత్తగా గెలిచిన సోషలిస్టు కౌన్సిలు కొలువుదీరే రోజున ఫాసిస్టులు పురపాలక భవనం మీద దాడి చేశారు. కాల్పుల్లో, తొక్కిసలాటలో సుమారు పదిమంది చనిపోయారు. లోపల ప్రతిపక్ష సభ్యుడొకరు కూడా తుపాకి గుండుకు బలయ్యాడు. ఆ శవాన్ని చూపించి ఫాసిస్టులు లోయ అంతటా బయల్దేరారు.

వాళ్ల పద్ధతి ఇదీ. రాత్రిపూట లారీలు వస్తాయి. లారీలు కామందులవి, పెట్రోలు ఖర్చు కామందులది. ముప్ఫై నలభైమంది దిగుతారు. సంఘం ఆఫీసుకు నిప్పు పెడతారు. సహకార దుకాణం తగలబెడతారు. తర్వాత సంఘం కార్యదర్శి ఇంటికి వెళ్లి అతన్ని బయటికి ఈడుస్తారు. కర్రలతో కొడతారు, లేకపోతే గొంతులో బలవంతంగా ఆముదం పోస్తారు. ఆముదం అనగానే కొందరు నవ్వుతున్నారు. మన ఇళ్లల్లో పిల్లలకు పట్టించిన ఆముదమే. కాని లీటరు ఆముదం గొంతులో పోసి, నడివీధిలో, పెళ్లాం పిల్లల ఎదుట, తెల్లవార్లూ ఒక మనిషిని కట్టేసి ఉంచితే అతని పరువేమవుతుందో ఊహించండి. కొందరు దానికి చనిపోయారు కూడా. బతికినవాళ్లలో చాలామంది ఆ ఊళ్లో మళ్లీ తలెత్తుకోలేక వలస పోయారు. నాయకుడు పోయాక కూలీలకు మిగిలేది ఒకటే దారి. ఫాసిస్టుల సంఘంలో చేరితే పని దొరుకుతుంది. చేరిన కొన్నాళ్లకే కూలి రేట్లు తగ్గించారు. 1920 చివర సుమారు ఇరవై వేలున్న ఫాసిస్టు సభ్యత్వం 1921 చివరికి రెండు లక్షలు దాటిందంటే, అందులో ఇష్టంతో చేరినవాళ్లెందరో, ప్రాణభయంతో చేరినవాళ్లెందరో లెక్క తీయడం కష్టం.

మరి పోలీసులేం చేస్తున్నారు? ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. 1922 జులైలో రవెన్నా పట్టణంలో జరిగిన ఒక సంఘటన చెబుతాను. ఫెరారా ఫాసిస్టు నాయకుడు ఇతాలో బాల్బో తన దినచర్యలో తానే గొప్పగా రాసుకున్న సంగతి ఇది. అతను నేరుగా పోలీసు అధికారి దగ్గరికి వెళ్లాడు. 'మా కుర్రాళ్లను ఈ ఊరి నుంచి తీసుకుపోతాను, నాకు లారీలు కావాలి. అరగంటలో ఇవ్వకపోతే సోషలిస్టుల ఇళ్లన్నీ తగలబడతాయి' అన్నాడు. పోలీసులు కంగారుపడి లారీలు వెతికి ఇచ్చారు, పెట్రోలు కూడా పోయించారు. ఆ లారీల్లోనే బాల్బో బయల్దేరి ఒక పగలూ ఒక రాత్రీ రిమినీ, చెసెనా, ఇంకా ఎన్నో ఊళ్ల మీదుగా తిరుగుతూ దారిలో కనిపించిన ప్రతి సోషలిస్టు కార్యాలయాన్నీ కాల్చుకుంటూ పోయాడు. సర్కారు ఏర్పాటు చేసిన లారీల్లో, అయ్యా! అందరు అధికారులూ ఇలా ఉన్నారని అనను. బొలోన్యాలో చేజరె మోరి అనే జిల్లా అధికారి, మన కలెక్టరు వంటివాడు, ఫాసిస్టులను నిబంధనల ప్రకారం అడ్డుకున్నాడు. వేలాదిమంది ఫాసిస్టులు వచ్చి ఆయన కార్యాలయాన్ని చుట్టుముట్టారు. ప్రభుత్వం ఏం చేసింది? మోరిని బదిలీ చేసింది.

నిలబడితే ఆగేవాళ్లా అంటే, ఆగేవాళ్లే. అందుకు పార్మా ఉదాహరణ. 1922 ఆగస్టు మొదటి వారంలో ఇదే బాల్బో వేలాదిమందితో పార్మా నగరం మీదికి వచ్చాడు. నదికి అవతలి ఒడ్డున ఒల్త్రెతొర్రెంతె అనే కార్మికపేట ఉంది. గ్వీదో పిచెల్లి అనే సోషలిస్టు ఎంపీ నాయకత్వంలో ఆ పేట జనం, ఆడా మగా, వీధిరాళ్లు పెకలించి, బెంచీలూ బళ్లూ అడ్డంపెట్టి కోటలు కట్టారు. మార్క్సిస్టులూ, అరాచకవాదులూ, పాపులర్ పార్టీ కేథలిక్కులూ ఒకే కోట వెనక నిలబడ్డారు. అయిదారు రోజులు పోరాడి బాల్బో వెనక్కి తిరిగాడు. మిగతా దేశంలో మాత్రం ఇటువంటి ఐక్యత లేదు. సోషలిస్టు పార్టీ అప్పటికే 1921 జనవరిలో చీలి కమ్యూనిస్టు పార్టీ విడిపోయింది. 1922 అక్టోబరు మొదట్లో, రోమ్ దండయాత్రకు నెల రోజులు కూడా లేదనగా, మళ్లీ చీలింది. కేథలిక్కుల పార్టీ, సోషలిస్టులు కలిసి మరికొందరిని కూడగడితే సభలో మెజారిటీ వచ్చే అవకాశం ఉంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

వాడుకుందాం అనుకున్నవాళ్లు

ఇప్పుడు జొలిత్తి సంగతి. అయిదుసార్లు ప్రధాని అయినవాడు, గండరగండడు, ఎవరితో ఎప్పుడు ఎలా బేరం కుదుర్చుకోవాలో ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. 1921 మేలో ఎన్నికలు పెట్టి, సోషలిస్టుల బలం తగ్గించడానికి తన 'జాతీయ కూటమి' జాబితాలో ఫాసిస్టులను చేర్చుకున్నాడు. కుర్రకారు, నాలుగు సీట్లు పారేస్తే సభా మర్యాద నేర్చుకుని దారికొస్తారనుకున్నాడు. సోషలిస్టులు పెద్దగా తగ్గలేదు. ఫాసిస్టులు మాత్రం 35 మంది సభలో అడుగుపెట్టారు. లోపలికి వచ్చాక ముస్సోలినీ జొలిత్తికి ఎదురుగా ప్రతిపక్షంలో కూర్చున్నాడు! గెలుపు కంటే గౌరవం పెద్ద లాభం. ప్రధానితో ఒకే జాబితాలో నిలబడి గెలిచినవాణ్ణి ఇక రౌడీ అనడమెలా? పోలీసు అధికారి అతని మీద కేసు పెట్టాలంటే వెనకాడడూ?

కాబట్టి 1922 అక్టోబరులో రాజుగారి ముందుకొచ్చిన కాగితం ఒక్క రాత్రిలో పుట్టింది కాదు. దానికి ముందు రెండేళ్లపాటు చిన్న చిన్న సంతకాలు ఎన్నో పడ్డాయి, పడవలసినవి ఎన్నో పడలేదు.

ప్రధాని అయ్యాక ముస్సోలినీ మంత్రివర్గంలో ఫాసిస్టులు నలుగురే. మిగతావాళ్లు ఉదారవాదులు, కేథలిక్కులు, జాతీయవాదులు, యుద్ధవీరుడు జనరల్ దియాజ్. నవంబరు 16న సభకు వచ్చి, 'ఈ మసకబారిన హాలును నా దళాలకు విడిదిగా మార్చేసేవాణ్ణి, మార్చలేదు' అని వాళ్ల ముఖం మీదే అన్నాడు. ఆ అవమానం విన్న తర్వాత సభ ఏం చేసింది? అనుకూలంగా 306, వ్యతిరేకంగా 116 ఓట్లతో విశ్వాసం ప్రకటించింది. ఫాసిస్టుల సీట్లు 35 అని గుర్తుపెట్టుకోండి. జొలిత్తి, సలాంద్ర, ఒర్లాందో, బొనొమి, ఫక్తా, అయిదుగురు మాజీ ప్రధానులూ అనుకూలంగానే ఓటు వేశారు. అవును, రాజుగారి దగ్గరికి కాగితం పట్టుకెళ్లిన ఫక్తా కూడా.

1923లో అచెర్బో చట్టం వచ్చింది. అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన జాబితాకు, ఆ ఓట్లు నూటికి పాతిక దాటితే చాలు, సభలో మూడింట రెండు వంతుల సీట్లు ఇచ్చేయాలి. ఓటింగు నాడు గ్యాలరీల్లో నల్ల చొక్కాలవాళ్లు కూర్చుని కింద సభ్యులను చూస్తున్నారు. అయినా దీన్ని భయం ఖాతాలోనే రాసేయలేం. సుస్థిర ప్రభుత్వం కోసం ఇంతమాత్రం తప్పదని ఉదారవాదులు నమ్మారు. కేథలిక్ పార్టీ చాలావరకు తటస్థంగా ఉండిపోయింది. ఆ పార్టీని స్థాపించిన స్తుర్జో అనే మతాధికారి గట్టిగా వ్యతిరేకించేవాడే, కాని వాటికన్ ఒత్తిడితో ఓటింగుకు కొద్దిరోజుల ముందే కార్యదర్శి పదవి వదులుకోవలసి వచ్చింది. 1924 ఏప్రిల్ 6న ఎన్నికలు జరిగాయి. ముస్సోలినీ జాబితాకు నూటికి సుమారు 65 ఓట్లు వచ్చాయి. ఆ ఓట్లు ఎలా వచ్చాయో చెప్పడానికి ఒక మనిషి లేచి నిలబడ్డారు. ఆయన గురించి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, క్షమించాలి.

జాకొమో మత్తెయొత్తి. పో లోయలోని రొవీగొ జిల్లావారు. పుట్టింది భూమున్న కుటుంబంలో, పనిచేసింది ఆ భూముల్లో కూలీల కోసం. ఇందుకే కామందులకు ఆయన మీద రెట్టింపు కోపం. పైగా ఆయనకు ఉపన్యాసాలకంటే లెక్కల మీద శ్రద్ధ ఎక్కువ. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరిని కొట్టారో, ఏ ఆఫీసు కాల్చారో పట్టికలు వేసేవారు. 1924 మే 30న సభలో లేచి ఎన్నికల ఫలితాన్ని రద్దు చేయాలన్నారు. తమ అభ్యర్థి ఒకరిని ఎన్నికల ప్రచారంలోనే చంపేశారన్నారు. తమ వంద మంది అభ్యర్థుల్లో సుమారు అరవైమంది తమ నియోజకవర్గాల్లో తిరగలేకపోయారన్నారు. అరుపులు, బల్లలు చరచడం, బెదిరింపులు. ప్రతి వాక్యానికీ అడ్డు. ఆయన ఆగి, అరుపు తగ్గాక, వదిలేసిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టేవారు. కూర్చున్నాక పక్కనున్న మిత్రులతో, 'నేను మాట్లాడేశాను. ఇక నా సంతాప సభలో చెప్పవలసినవి మీరు సిద్ధం చేసుకోండి' అన్నారని చెబుతారు.

పదకొండు రోజులకు, జూన్ 10 మధ్యాహ్నం, తైబర్ నది ఒడ్డు రోడ్డు మీద పార్లమెంటుకు నడిచి వెళుతుండగా అయిదుగురు ఆయన్ని కారులోకి లాక్కుపోయారు. ఆ కారులోనే చంపారు. శవం ఆగస్టు 16న రోమ్‌కు ఇరవై కిలోమీటర్ల పైన రియానో దగ్గరి అడవిలో దొరికింది. నేరం ఎలా బయటపడిందో చూడండి. ముందురోజు ఆ వీధిలో ఒక కారు అదేపనిగా తచ్చాడుతుంటే, దొంగలేమోనన్న అనుమానంతో ఆ పక్క భవనం కాపలావాళ్లు దాని నంబరు రాసి పెట్టుకున్నారు. ఆ నంబరు పట్టుకుని వెళితే ఫాసిస్టు పత్రికా సంపాదకుడొకరు తేలాడు, అక్కడి నుంచి దారి ముస్సోలినీ సొంత కార్యాలయం దాకా వెళ్లింది. దేశం నివ్వెరపోయింది. కోటుకు ఫాసిస్టు గుర్తు పెట్టుకున్నవాళ్లు దాన్ని తీసి జేబులో వేసుకున్నారు. ముస్సోలినీ గదిముందు ఎప్పుడూ కిటకిటలాడే జనం మాయమైపోయారు. ఆ వేసవిలో అతను నిజంగానే పడిపోయే స్థితిలో ఉన్నాడు.

మరి ఎందుకు పడలేదు? ప్రతిపక్ష సభ్యులు నూటపాతికమంది దాకా సభను బహిష్కరించి బయటికొచ్చారు. ప్రాచీన రోమ్‌లో సామాన్యులు అలిగి ఆవెంటైన్ కొండెక్కారట, ఆ పేరే దీనికి పెట్టుకున్నారు. నైతికంగా గొప్ప పని. కాని వచ్చాక ఏం చేయాలో వాళ్లకే తెలియలేదు. సార్వత్రిక సమ్మెకు పిలుపిద్దామని కమ్యూనిస్టు నాయకుడు గ్రాంషీ అన్నాడు, మిగతావాళ్లు ఒప్పుకోలేదు. వాళ్లందరి ఆశా రాజుగారి మీదే. ఆయన కదిలి ముస్సోలినీని తొలగిస్తాడని ఎదురుచూశారు. సాక్ష్యాలు తీసుకెళ్లి చూపిస్తే, తన కళ్లూ చెవులూ పార్లమెంటు ఉభయ సభలేనని ఆయన తప్పించుకున్నాడంటారు. ఆ పార్లమెంటులోనో, ప్రతిపక్షమే లేదు! సెనేటు జూన్‌లోనే ముస్సోలినీకి విశ్వాసం ప్రకటించింది. అలా ఓటువేసినవాళ్లలో ఇటలీ అంతటికీ పెద్ద తత్వవేత్త బెనెదెత్తో క్రోచే ఉన్నాడు. ఫాసిజం కొంత మంచి చేసింది, దాన్ని చట్టం దారిలోకి మళ్లించవచ్చు అన్నది ఆయన లెక్క. ఏడాది తిరగకుండానే ఆయన ఫాసిజానికి వ్యతిరేకంగా మేధావుల ప్రకటన రాశాడు. అప్పటికి ఆలస్యమైంది.

1925 జనవరి 3న ముస్సోలినీ సభకు రాజ్యాంగం పుస్తకం పట్టుకొచ్చాడు. 47వ అధికరణం చదివాడు. మంత్రుల మీద నేరారోపణ చేసి ఉన్నత న్యాయస్థానం ముందు నిలబెట్టే హక్కు సభకుందని దాని అర్థం. చదివి, 'ఈ హక్కును వాడుకోదలచినవాళ్లు ఎవరైనా ఉన్నారా?' అని అడిగాడు. ఒక్కరూ లేవలేదు. అడగగలిగినవాళ్లు బయట కొండమీద ఉన్నారు. అప్పుడు, జరిగినదానికంతటికీ రాజకీయంగా, నైతికంగా, చారిత్రకంగా తానే బాధ్యుణ్ణన్నాడు. ఫాసిజం నేరస్థుల ముఠా అయితే ఆ ముఠాకు నాయకుణ్ణి తానేనన్నాడు. నిండు సభలో నేరం తనదేనన్నట్టు మాట్లాడి ఇంటికి వెళ్లాడు. హంతకుల విచారణ 1926లో ఎక్కడో మారుమూల కియెతి పట్టణంలో జరిగింది. ముగ్గురికి ఆరేళ్ల లోపు శిక్ష వేశారు. క్షమాభిక్ష చట్టం పుణ్యమా అని రెండు నెలలకే విడుదలయ్యారు. వాళ్ల తరఫు వకీలు ఫరినాచ్చి అప్పటి ఫాసిస్టు పార్టీ కార్యదర్శి.

తర్వాత పని చకచకా సాగింది. 1925 డిసెంబరు చట్టంతో ప్రధాని పార్లమెంటుకు జవాబు చెప్పనక్కరలేదు, రాజుకు చెబితే చాలు. 1926 జనవరిలో ప్రభుత్వానికి సొంతంగా శాసనాలు చేసే అధికారం. ఎన్నికైన మేయర్ల స్థానంలో నియమించిన అధికారులు. నవంబరులో మిగతా పార్టీలన్నీ రద్దు, బహిష్కరించి వచ్చిన సభ్యుల సభ్యత్వం రద్దు, ప్రత్యేక న్యాయస్థానం, మరణశిక్ష పునరుద్ధరణ. నవంబరు 8న గ్రాంషీ అరెస్టు. వీటిలో చట్టమన్న ప్రతిదాని కిందా రాజుగారి సంతకం ఉంది. ఈసారి పెట్టననలేదు. 1848 నాటి రాజ్యాంగాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు, అది కాగితం మీద అలాగే ఉండిపోయింది.

జర్మనీ గురించి రెండు ముక్కలు. 1923 నవంబరులో మ్యూనిక్‌లో హిట్లర్ ముస్సోలినీని చూసి అటువంటి దండయాత్రే తలపెట్టాడు. 9వ తేదీన పోలీసులు వీధికి అడ్డంగా నిలబడి కాల్చారు. కొద్ది నిమిషాల్లో అంతా చెల్లాచెదురైంది. హిట్లర్ జైలుకు పోయాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1933 జనవరి 30న, అతను అధికారంలోకి వచ్చింది మాత్రం అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ నియామకంతో. అప్పటికి దాదాపు మూడు నెలల ముందు ఎన్నికల్లో అతని పార్టీ సీట్లు 230 నుంచి 196కు పడిపోయాయి. పడిపోతున్నవాణ్ణి మాజీ ఛాన్సలర్ పాపెన్ వంటి పెద్దమనుషులు పైకి లేపారు, మంత్రివర్గంలో నాజీలు ముగ్గురే, మిగతా అందరం మనమే కదా అన్న ధీమాతో. మార్చి 23న సర్వాధికారాల చట్టానికి సభలో 444 మంది ఓటేశారు. వద్దన్నవాళ్లు 94 మంది, అందరూ సోషల్ డెమొక్రాట్లే. కమ్యూనిస్టు సభ్యులను అసలు సభకే రానివ్వలేదు. ఇది ఒక పూట ఉపన్యాసం, ఇంకోసారి చెప్పుకుందాం.

ఇందాక విరామంలో ఒక విద్యార్థిని, 'చదువుకున్నవాళ్లు ఏం చేశారండీ?' అని అడిగింది. దానికి జవాబు చెప్పి కూర్చుంటాను. 1931లో విశ్వవిద్యాలయ ఆచార్యులందరూ రాజుకూ, ఫాసిస్టు పాలనకూ విధేయులమని ప్రమాణం చేయాలన్నారు. దేశంలో ఆచార్యులు సుమారు 1200 మంది. చేయనన్నవాళ్లు పన్నెండుమంది దాకా ఉంటారు. మిగతావాళ్లంతా ఫాసిస్టులనుకోకండి. కేథలిక్కులకు మనసులో మినహాయింపు పెట్టుకుని చేయవచ్చని చర్చి చెప్పింది. కమ్యూనిస్టులకు లోపల ఉండి పనిచేయడం ముఖ్యమని పార్టీ చెప్పింది. కొందరు ఉదారవాదులకు క్రోచేనే, మీరు పోతే ఆ కుర్చీల్లో ఫాసిస్టులు కూర్చుంటారు, విద్యార్థుల కోసం ఉండండి అని సలహా ఇచ్చాడు. ఏ ఒక్క కారణమూ కొట్టిపారేయదగింది కాదు. చేయనన్న ఆ పన్నెండుమందిలో ఒకరు కళాచరిత్రకారుడు లియొనెల్లో వెంతూరి. ఉద్యోగం పోయింది, దేశం విడిచి పారిస్ వెళ్లిపోయాడు. మిగిలిన ప్రశ్నలు ఇప్పుడు అడగండి.